కోరలీ సంతకం పెట్టని కాగితం

కోరలీ భర్త మెర్విన్, పిల్లలూ, ఫ్యాక్టరీ మిత్రులారా!

నలభై రెండు డిగ్రీల ఎండలో వచ్చారు. ఈ బౌలింగ్ క్లబ్బు హాలు చాలక గుమ్మం బయట కూడా నిలబడ్డారు. అందరికీ నమస్కారం. కోరలీ ట్రెగెంజా మనల్ని వదిలి ఇవాళ్టికి పదకొండు రోజులు. నా పేరు లిండ్సే ఔరిక్ట్. ఇరవై ఆరేళ్ళు రేడియోల సర్క్యూట్ బోర్డుల నమూనాలు గీసినవాణ్ణి. ఆ బోర్డుల అంచులకు ఏ కనెక్టర్ పెట్టాలో ఎంచింది ఆమె, బిగించింది ఆమె, పనికిరాదని నా మొహాన కొట్టింది కూడా ఆమే.

నేను కన్నీళ్ళు పెట్టుకోవడానికి లేచానని అనుకుంటున్నారేమో. లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకు మండదు చెప్పండి? అరవై ఆరేళ్ళ మనిషి. గుండెకు ఆపరేషన్ అయి రెండు నెలలు కాలేదు. నిచ్చెన ముట్టుకోవద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. పక్కింటావిడ టీవీలో బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోందట. అంతే, ఎక్కేసింది కప్పు మీదికి! ఆంటెన్నా దగ్గర కనెక్టర్ ఎవడో అడ్డదిడ్డంగా బిగించాడని వాణ్ణి తిట్టుకుంటూ విప్పి, మళ్ళీ బిగించి, దిగి, టీ తాగి, కుర్చీలో కూర్చుని వెళ్ళిపోయింది. పక్కింటావిడ టీవీ ఇప్పుడు అద్దంలా కనిపిస్తోందట. సంతోషమేనా, కోరలీ?

మా పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. ఆంటెన్నా నుంచి వచ్చే కేబుల్‌ని బోర్డుకు కలిపే ఇత్తడి ముక్కే కనెక్టర్. చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని నడుమ సన్నటి సూది. సిగ్నల్ మొత్తం ఆ సూది మీదుగా బోర్డు మీద ఉన్న రాగి గీతలోకి దిగాలి. సూది లావుగా, గీత సన్నగా ఉంటే సిగ్నల్ సగం వెనక్కి తిరిగిపోతుంది. కనెక్టర్ ఒంటికీ బోర్డు అంచుకీ మధ్య వెంట్రుకంత సందున్నా అంతే. ఇంత చిన్న ముక్క కోసం ఇరవై ఆరేళ్ళు దెబ్బలాడుకున్నాం మేమిద్దరం.

వాతావరణ రాడార్ బోర్డులు చేసిన ఏడాది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడు వందల బోర్డులు. అన్నిటికీ కనెక్టర్లు సోల్డర్ చేసేశాం, అంటే కరిగించిన తగరంతో అతికించేశాం. ఆ వారం కోరలీ సెలవులో ఉంది. సోమవారం వచ్చింది. జేబులోంచి సిగరెట్లు చుట్టుకునే పల్చటి కాగితం తీసింది. ఆ మనిషి సిగరెట్టే తాగదు! దాన్ని కనెక్టర్‌కీ అంచుకీ మధ్య పెట్టి తోసింది. దూరింది. రెండో బోర్డు, దూరింది. మూడోది, అదీ దూరింది. "కాగితమే దూరిపోతుంటే సిగ్నల్ బుద్ధిగా తిన్నగా పోతుందా లిండ్సే? ముందు మరలు బిగించి తర్వాత సోల్డర్ చేయండర్రా అని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది. మూడు వందలూ విప్పించింది. మూడు వందలూ!

ఇంకోసారి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, సరదాకి ఒక కేబుల్ తానే తగిలించి కటింగ్ ప్లయర్‌తో గట్టిగా తిప్పాడు. కోరలీ ఆయన చేతిలోంచి ప్లయర్ లాక్కుంది. "ఇది మీ పెరట్లో నీళ్ళ గొట్టం కాదు నాయనా" అని, తగినంత బిగియగానే టక్కుమని వదిలేసే స్పానర్ ఆయన చేతిలో పెట్టింది. ఆ టక్కుమనే చప్పుడు వినపడేదాకా ఆయన్ని కదలనివ్వలేదు. తర్వాత హెడ్డాఫీసు నుంచి మాట పడింది నేను.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పలేదు.

పదకొండేళ్ళ క్రితం వెతుకులాట హెలికాప్టర్లకు రిసీవర్లు చేశాం. సముద్రంలో పడవ మునిగితే మనుషుల దగ్గరున్న బీకన్ అనే చిన్న పరికరం పంపే రేడియో సంకేతాన్ని పట్టేవి. అంతకుముందు చేసిన వాటికి బోర్డులోని రంధ్రాల్లో దిగే నాలుగు కాళ్ళ కనెక్టర్ వాడేవాళ్ళం. అది దొరకడానికి పద్నాలుగు వారాలు పడుతుందన్నారు. అప్పగించాల్సిన తేదీ మీదికొస్తోంది. కాళ్ళు లేనిది, పైన సోల్డర్‌తో అంటించేది, ఈసారి ఆమెను అడక్కుండా నేనే ఎంచాను.

కోరలీ చూసింది. "పైపైన అతికించావు. కేబుల్ దీన్ని పట్టుకుని ఊగుతుంది. ఊగకుండా ఎగిరే హెలికాప్టర్ ఎక్కడుంది?" అంది. పరీక్షలో పాసైంది కదా అన్నాను. "టేబుల్ మీద పాసైంది. మీ టేబుల్ ఎగరదు కదా" అంది. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనంది. బతిమాలాను, అరిచాను. పెట్టలేదు.

ఆ సంతకం నేను పెట్టాను.

అక్టోబరులో థెవెనార్డ్ రేవుకు దక్షిణాన ఒక రొయ్యల పడవ బోల్తా పడింది. అందులో ఉన్న యాని కలాఫాటిస్ అనే అతనూ, వాళ్ళ బాబాయీ ఒక ఐసు పెట్టె పట్టుకుని నీళ్ళలో తేలుతున్నారు. బీకన్ ఆన్ చేశారు. మా కొత్త రిసీవర్ ఉన్న హెలికాప్టర్ వాళ్ళ నెత్తి మీద నుంచే పోయింది. దానికి ఏమీ వినపడలేదు. తిరిగి వెళ్ళిపోయింది. ఇంకో చోటి నుంచి రెండోది వచ్చింది. అందులో పాత రిసీవర్ ఉంది, కాళ్ళున్న కనెక్టర్ది, కోరలీ చేత్తో బిగించినది. అది విన్నది. ఈలోపు ఐదు గంటలు పోయాయి. ఐదు గంటలు, ఆ చలి నీళ్ళలో! ఇద్దరూ బతికారు. అది నా గొప్ప కాదు.

చెడిపోయిన రిసీవర్ మా దగ్గరికి వచ్చింది. కోరలీ మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచింది. సూది కింద సోల్డర్ చీలి, రాగి గీత లేచిపోయింది. తిడుతుందని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది. "కాళ్ళున్నవి తెప్పించు. అన్నీ నేనే మార్చి బిగిస్తాను" అంది, అంతే. మేము చేసిన నలభై ఒక్క రిసీవర్లకూ మార్చింది. సందున్నందుకు మూడు వందల బోర్డులు విప్పించిన మనిషి, ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు! విచారణ నివేదికలో 'కుదుపుల వల్ల పగులు' అని రాసింది నేనే. ఆమె సంతకం పెట్టని సంగతి అందులో లేదు.

పోయిన వారం యాని ఫోన్ చేశాడు, సభ ఎప్పుడని. కోరలీ మీకెలా తెలుసన్నాను. ఆ ఏడాది నవంబరులో ఎనిమిదిన్నర గంటలు ఒక్కతే కారు నడుపుకుంటూ వాళ్ళింటికి వెళ్ళిందట. వంటగదిలో కూర్చుని, "మా డబ్బా పనిచేయలేదు. తప్పు మాది. ఆ మాట మీకు ఎవరో ఒకరు ఎదురుగా వచ్చి చెప్పాలి" అందట. తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదట.

మాదట! ఎవరిని అడిగి అలా చెప్పావమ్మా? మా అందరిలో ఆ రిసీవర్‌ని ఒప్పుకోనిది నువ్వొక్కదానివే కదా! తిరిగొచ్చి మర్నాడు నా పక్క బెంచీలోనే కూర్చున్నావు. నాకొక్క మాట చెబితే నేనూ వచ్చేవాణ్ణేమో. ఏమో, వచ్చేవాణ్ణి కాదేమో. అది తెలిసే చెప్పలేదా?

యాని మూడో వరుసలో ఉన్నాడు. యాని, ఆ కనెక్టర్ ఎంచింది నేను. సంతకం నాది. తప్పు 'మాది' కాదు, నాది. ఈ మాట నివేదికలో చేర్చమని నిన్న రాసి పంపాను. పదకొండేళ్ళు ఆలస్యమైంది.

మిత్రులారా, ఇక లేద్దాం. మెర్విన్, నీ మోకాలు సంగతి నాకు తెలుసు, నువ్వు కూర్చో. మిగతావాళ్ళం నిలబడదాం. ఆ ఫ్యాన్లు ఎవరైనా ఆపండి. ఒక్క నిమిషం ఎవరం ఏమీ మాట్లాడకుండా కోరలీని తలుచుకుందాం. ఆ తర్వాత, యాని, నేనే నీ దగ్గరికి వస్తాను. నువ్వేమన్నా వింటాను.

లేవండి.