దీపం వెలగడానికి ముందు

మేడం గారు ఈ పరిశోధనశాలలో చేరినది 1989 జులై 3, సోమవారం. సన్మాన సంచికకు ఈ వ్యాసం రాయవలసింది ఆవిడ సహోద్యోగి అయిన మా వారు. ఆయన లేరు గనుక, బడిలో పాఠాలు చెప్పుకొనే నన్ను రాయమన్నారు.

తొలి సంవత్సరాలు కంటి కదలికలను కొలిచే యంత్రాలను నిలబెట్టడంలోనే గడిచాయి. ఆ తరువాత మేడం గారు చేపట్టిన ప్రశ్నను విభాగాధిపతి అయ్యాక కూడా విడవలేదు: కన్ను పొరబడేముందు మెదడులో ఏం జరుగుతుంది? చీకటిగదిలో, తలకు తీగల టోపీతో ఒకరు కూర్చుంటారు. ఒక పక్క దీపం వెలుగుతుంది. దానికి ఎదురు పక్కకు చూడాలి. కన్ను మాత్రం తరచు వెలుగు వైపే దూకుతుంది. ఆ పొరపాటు దీపం వెలగకముందే మెదడు తరంగాల్లో పొంచి ఉంటుందని ఆవిడ చూపించారు. అద్దానికి ఇవతల కూర్చుని, తప్పు రాబోతోందనిపించగానే గోటితో బల్లమీద టక్కున కొట్టేవారు. దీపం ఆ తరువాతే వెలిగేది.

యంత్రాలు చూసే మా వారే తరచు ఆ కుర్చీలో కూర్చునేవారు. ఒకసారి నేనూ వెళ్లి చూశాను. టక్కుమంది. దీపం వెలిగింది. ఆయన కళ్లు అటే తిరిగాయి.

"ఏంటి మేడం, నా బుర్ర నాకు తెలీకుండా మీకు చాడీలు చెప్తోందా?" అన్నారాయన బయటికొచ్చి.

"దానికి మీరంటే భయం లేదండీ. టీచరమ్మా, ఇంట్లోనూ ఇంతేనా?"

"ఇంట్లో ముందే టక్కుమనేవాళ్లు లేరు కదండీ. అన్నీ జరిగాకే తెలుస్తాయి," అన్నాను.

నిరుడు ఒక సాయంత్రం ఆయన వీధి దాటుతూ, కుడిపక్క వెలిగిన హెడ్‌లైటు వైపు చూశారట. లారీ ఎడమ నుంచి వచ్చింది. ఎదుటి మందుల దుకాణం యజమాని చెప్పాడు.

ఈ సన్మానానికి మేడం గారు రానన్నారని తెలిసి, ఆవిడ గదికి వెళ్లాను. లైటు వేయకుండా కూర్చుని ఉన్నారు.

"ఆ రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో ఉన్నారు టీచరమ్మా. నేను బల్లమీద కొడుతూనే ఉన్నాను. అలిసిపోయారు, ఇంటికెళ్లండి అన్నాను. ఒక్కరే వెళ్లొద్దు అనలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వేదికెక్కను?"

"కొట్టిన ప్రతిసారీ ఆయన తప్పే చూశారా?"

ఆవిడ అన్నారు: "లేదు. చాలాసార్లు సరిగ్గానే చూశారు."

ఇప్పటికీ వీధి దాటబోతుంటే ఆ చప్పుడు నా వెనకాలే వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అది వినిపించిన తరువాత కూడా నేను క్షేమంగా అవతలికి చేరుతున్నాను. అనిపించడం వేరు, జరగడం వేరు. ఆ తేడాను జీవితమంతా కొలిచినవారు తమకు తాము మాత్రం దానిని వర్తింపజేసుకోకపోవడం న్యాయం కాదు.

మేడం గారూ, ఈ సంచిక సభకు ముందే మీకు అందుతుంది. వేదికమీద మీకు పువ్వులు ఇచ్చేది మా అత్తగారు. "ఆ అమ్మాయి రాకపోతే నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. నా కొడుకు పేరు చెప్పుకుని ఒక మనిషి దాక్కోవడమేంటి?" అన్నారు ఆవిడ. మోకాళ్ల నొప్పులతో మీ మెట్లెక్కే శ్రమ ఆవిడకు కలిగించకండి. మీరు ఆరోగ్యంగా, కంటినిండా నిద్రపోతూ, నిండు నూరేళ్లు ఉండాలని ఆయన ఇంటివాళ్లందరం కోరుకుంటున్నాం.