చెరిసగం

గుండె స్కానింగు గది. బల్ల మీద భర్త, పక్కనే కుర్చీలో భార్య, తెర ముందు టెక్నీషియన్.

"తొంభై నాలుగు. ఇంకా దిగలేదు బాబాయ్ గారూ. గుండె ఇలా పరిగెడితే బొమ్మ అలుక్కుపోతుంది."

"అలుక్కుపోతే ఏమవుతుంది బాబూ?"

"రక్తనాళంలో అడ్డు ఎక్కడుందో, ఎంత పొడుగుందో, ఎంత గట్టిపడిందో తెలీదు పిన్నిగారూ. ఆ బొమ్మ చూసుకునే కదా రేపు డాక్టరుగారు స్టెంటు వేసేది. దారి తెలీకుండా లోపలికెలా వెళ్తారు?"

"విన్నారా? మీరు భయపడకండి. భయపడితే పెరుగుతుందట."

"నాకేం భయం? ముందు నువ్వు నా చెయ్యి వదులు. నలిగిపోతోంది."

"తొంభై ఆరు."

"చూశారా, నా మీద విసుక్కుంటే ఎలా ఎక్కుతోందో."

"కాసేపు ఇద్దరూ మాట్లాడకండి. ఆ ఈల చప్పుడేంటి?"

"ఏసీ అయ్యుంటుంది అబ్బాయ్."

"చలిగా కూడా ఉంది బాబూ. ఛాతీ పట్టేసినట్టుంది నాకు."

"ఆపేశాను, ఉండండి. బాబాయ్ గారూ, నర్సు ఇచ్చిన మాత్ర వేసుకున్నారుగా? గుండె వేగం తగ్గించేది?"

"వేసుకున్నా."

"మొత్తం?"

"వేసుకున్నానంటున్నాగా."

"మరి ఇంత ఉండకూడదే. ఇంకోటి ఇవ్వాలంటే డాక్టరుగార్ని అడగాలి. ఊరికే మింగే మాత్ర కాదది. మీకు ఆస్తమా ఉందేమోనని నర్సు అడిగిందా లేదా?"

"అడిగింది. లేదన్నా. నాకు లేదు."

"ఎందుకడిగింది బాబూ?"

"ఆస్తమా ఉన్నవాళ్ళకి అది పడదు పిన్నిగారూ. ఊపిరి గొట్టాలు మూసుకుపోతాయి."

"ఏమండీ."

"ఊరుకో."

"చెప్పండి."

"ఏం చెప్పమంటావే?"

"నూట రెండు. ఏమైంది, ఏం దాస్తున్నారు?"

"సగమే వేసుకున్నా అబ్బాయ్."

"సగమా? మిగతా సగం పారేశారా?"

"పారెయ్యడమెందుకు? పెళ్ళయిన దగ్గర్నుంచీ మాకంతే. తలనొప్పి మాత్రయినా చెరో ముక్క. బయట కూర్చున్నప్పుడు తనకీ గుండె దడదడలాడుతోందంది. గుండె మాత్రే కదా అని విరిచి..."

"నేనే అడిగాను బాబూ. ఆయన్నేం... అనకు."

"అబ్బాయ్, ఏసీ ఆపానన్నావ్ కదా?"

"ఇందాకే ఆపేశాను."

"మరి ఆ ఈల ఆగలేదేం?"

"ఒక్క నిమిషం. పిన్నిగారూ, ఇటు చూడండి. మీకు ఆస్తమా ఉందా?"

"నన్ను... ఎవరూ... అడగలేదు బాబూ."