మా యారాలి బుస

"జేజీ, నాకు కాన్పయి రెండు నెలలాయ గదా. రేపట్నుంచి పరుగుకు పోదామనుకుంటాండా. మా నాయన్ను కన్యాక నువ్వు ఎన్ని దినాలకు పనిలోకి దిగినావు?"

పరుగుకా? ఎవురు తరుముతాండారు అమ్మీ నిన్ను? యాడ, ఆ కొత్త బూట్లు చూపిచ్చు. అబ్బో, ఎర్రగా బాగుండాయిలే. బూట్లు యాడికీ పోవు, ఈడ కూచో. ఆ ఫోను నా మొగానికి పెట్టాకు, పక్కన పెట్టు. ఏందీ, నా మాటలన్నీ అందులోకి ఎక్కుతాండాయా? అయితే రోంత సిగ్గు మాటలు ఉండాయి, నీ మొగునికి ఇనిపియ్యాకు. వద్దులే, ఇనిపియ్యి. మొగోళ్లకూ తెలియాల.

ఎన్ని దినాలకంటే, ఇరవై దినాలకు. గొప్పకు చెప్తాండాననుకునేవు, కాదు, తిక్కతనానికి చెప్తాండా. మన రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్యెప్పుడు మీ పెద్దనాయన పుట్టె, పులివెందల్లో, మా పుట్టింట్లో. హైదరాబాదు రాజధాని అయినాక మీ నాయన పుట్టె, ఈడే, జమ్మలమడుగు పక్కన మన ఊర్లో. నయాపైసలు వచ్చిన కొత్త అది. బాలెంతకు పెట్టే కాయానికి శొంఠి, బెల్లం తెమ్మంటే మీ అబ్బ, అదేలే మా ఇంటాయన, అణాలకు ఎన్ని పైసలో తెలీక అంగట్లో కొట్లాడి ఒట్టి చేతుల్తో వచ్చె. నేను శొంఠి లేని కాయం తింటి. ఏం చెప్తాంటిమి? ఆ, ఇరవై దినాలు.

అప్పట్లో కొర్రలు ఇంట్లోనే దంచుకోవాల. ఇద్దరు ఆడోళ్లు ఒకే రోట్లో ఒకరి మార్చి ఒకరు ఎయ్యాల, జంటపోటు అంటారు. నేనూ మా యారాలు ఓబులమ్మ, అంటే మా బావ పెండ్లాం, మేమిద్దరం జంట. ఆయమ్మకు నలుగురు బిడ్డలు. రోకలి ఎత్తి ఏసిన ప్రతిసారీ "హుస్స్" అని నోటితో గాలి వదుల్తాది. నేను అట్ల కాదు. ఊపిరి బిగబట్టి, దవడ కరుచుకుని, చప్పుడు లేకుండా నూరు పోట్లు ఎయ్యగలను. నాకదే గీర. "మా యారాలు దంచితే రోలుకాడ నాగుబాము ఉండాదేమోనని కోళ్లు కూడా దగ్గరికి రావు" అని ఈదంతా చెప్పి నగించేదాన్ని. పాపం ఆయమ్మ ఇనీ ఇననట్ల దంచుకుంటా పోయేది. నా నోరు అట్లాంటిది, ఇప్పుడు పండ్లు పోయి రోంత తగ్గింది గానీ.

మీ నాయన పుట్టినాక ఆ యమ్మ మంచికే చెప్పింది, "లక్షుమ్మా, పచ్చి బాలెంతవు, రెండు నెలలు రోకలి ముట్టాకు, నేను దంచుతా" అని. నాకు ఎట్ల ఇనపడింది? నీ చేత కాదు అన్నెట్ల ఇనపడింది. ఇరవయ్యో దినం నడికట్టు బిగించుకున్యా. కడుపు జారకుండా గుడ్డ చుడ్తారు గదా, దాన్ని రోంత కాదు, కట్టెల బండికి మోకు బిగించినట్ల ఇద్దరి చేత గుంజిచ్చి కట్టిచ్చుకుని, రోలుకాడికి పోయి ఊపిరి బిగబట్టి దంచితి. నాలుగు దినాలు దంచితి. అయిదో దినం కొర్రల దుమ్ముకు ఒక తుమ్ము వచ్చె చూడు...

నగుతాండావా? నగు. నాకు ఆపొద్దు ఏడుపొచ్చె. చీర తడిసిపోయె. చిన్నప్పట్నుంచి ఎద్దుల్ని ముక్కుతాడు పట్టి నిలబెట్టినదాన్ని, నా ఒంట్లో నీళ్లు నాకు నిలబడకపోయె. తుమ్మితే అంతే, దగ్గితే అంతే, కడవ ఎత్తితే అంతే. ఎవురికి చెప్తావు? మొగునికి చెప్తావా? అందుకని ఏం చేస్తి అంటే, బిడ్డ మీదికి తోస్తి. చీర తడిస్తే చాలు, "థూ, ఈ నాకొడుకు మళ్లా పోసినాడు" అనేది. మీ నాయన నోరు లేని పసిబిడ్డ, ఏం జెప్తాడు? నెల దినాలు నింద మోసినాడు. ఊర్లో అందరూ "లక్షుమ్మ కొడుకు చెరువు మాదిరి పోస్తాడంట" అనుకున్యారు. ఇప్పుడు పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరు అయినాడు, ఈ మాట వానికి తెలీదు.

నెలదాటినాక మా మంత్రసాని బీబమ్మ వచ్చె. పొద్దుటూరామె, సాయిబుల ఇంటి మనిషి, ఈ చుట్టుపక్కల సగం బిడ్డలు ఆయమ్మ చేతిలోనే పడినారు. బిడ్డను చూసిపోదామని వచ్చి కూచునింది. నేను లేచి మంచినీళ్లు ఇయ్యబోతే దగ్గొచ్చె. యథాప్రకారం "మళ్లా పోసినాడు" అంటి. బీబమ్మ బిడ్డను తీసుకుని గుడ్డ తడిమింది. నన్ను చూసింది. మళ్లా గుడ్డ తడిమింది. "అరె లక్షుమ్మా, బిడ్డ గుడ్డ ఎండిన అటుకుల మాదిరి ఉండాది, నీ చీర తడిసింది. నీ కొడుకు గోడ దూకి పోసొచ్చినాడా ఏంది?" అనింది.

ఆ యమ్మ ఒళ్లో తల పెట్టి ఏడిస్తి. నా భయం అంతా ఒకటే. వైశాఖంలో మా చెల్లెలు సుబ్బులు పెండ్లి, పులివెందల్లో. పెండ్లికి ముందు పసుపు దంచాల గదా, తొలిపోటు పెండ్లికూతురి సొంత అక్క ఎయ్యాల. వాకిలి నిండా ముత్తయిదువులు, ఎదురుగా వియ్యపురాళ్లు, నేను పట్టుచీర కట్టుకుని రోకలి ఎత్తాల. వాళ్ల ముందర తడిసిందనుకో, నేను ఇంక బతికి ఆ ఊరికి పోలేను. జరమొచ్చిందని పోకుండా ఉంటే, అక్క రోకలి పట్టలేదు, ఏం కీడో అని సుబ్బుల్ని జీవితమంతా పొడుస్తారు. ఎట్ల చూసినా గొయ్యే.

బీబమ్మ ముందు నా నడికట్టు ఇప్పేసింది. "దీన్ని ఇట్ల బిగిస్తే బరువు కిందికి గాక యాడికి పోతాది? రోంత వదులుగా ఉండాల" అనింది. మళ్లా ఇంకొకటి నేర్పిచ్చింది. ఒంటికి వచ్చినప్పుడు ఆపుకోవాలంటే కింద ఎట్ల బిగిస్తాము, ఊరికే కూచున్యెప్పుడు అట్ల బిగించి లోపలికి, పైకి గుంజాల. అయిదు అంకెలు లెక్కబెట్టి మెల్లగా వదలాల. వదలడం గూడా పనే, మర్సిపోవాకు. పూటకు పదిసార్లు. ఒంటికి పోతాండెప్పుడు మాత్రం చెయ్యగూడదు. మొగంలో ఏమీ తెలియగూడదు అమ్మీ, అదే కష్టం. నేను మొదట్లో బిగిస్తే కనుబొమ్మలు పైకి పోయేటివి. మీ అబ్బ సంగటి తింటా "యాలమే అట్ల చూస్తావు, ఉప్పు ఎక్కువయిందా?" అనేటోడు.

"ఇంక ఊపిరి సంగతి నేను చెప్పను" అనింది బీబమ్మ. "మీ యారాలిని అడుగు. నలుగుర్ని కని, పెన్నేటి నుంచి రెండు కడవలు మోసుకొస్తాది, చుక్క పడదు. ఆ బుస ఊరికే కాదు" అనింది.

ఓమ్మో! నేను ఎవురినయితే ఈదంతా నగించినానో, ఆ యమ్మ కాడికే పోయి అడగాల. మూడు దినాలు పోలేదు. నాలుగో దినం ఇంత పెరుగు పట్టుకుని పోతి. ఓబులమ్మ పెరుగు తీసుకుని, పక్కన పెట్టి, "నాగుబాముతో ఏం పనిబడింది తల్లీ?" అనింది. అనాల్సిందే. నేను అంతా చెప్తి. నగుతాదేమో అనుకుంటి. నగలేదమ్మీ. లేచి తలుపు దగ్గరికేసి, "నాకూ రెండో కాన్పులో అంతే" అనింది. "మా అమ్మ నేర్పిచ్చింది. రోకలి ఎత్తేటప్పుడు ఊపిరి తీసుకో. ఎయ్యకముందే కింద బిగించు. ఏసేటప్పుడు నోట్లో గాలి వదులు. ఊపిరి లోపల పెట్టుకుని బరువు ఎత్తినావంటే అది నిన్నే తోస్తాది" అనింది. అంత చిన్న మాట. ఇన్నేండ్లు పక్కన నిలబడి దంచినాను, చెవులుండి ఇనలేదు.

ఊరికే రోకలి చేతికి ఇయ్యలే ఆయమ్మ. మొదట ఊరి చివరికి నడిపిచ్చింది, పొద్దన ఒకసారి, సాయంత్రం ఒకసారి. పదైదు దినాలు అదే. తర్వాత అరకడవ నీళ్లు. తర్వాత పసుపు కొట్టే చిన్న రోకలి, అదీ ఒట్టి రోట్లో. ఒకపొద్దు నేను ఆత్రంగా పెద్ద రోకలి ఎత్తితే రోంత తడిసె. ఆయమ్మ రోకలి గుంజుకుని వారం దినాలు అటక మీద పెట్టేసింది. నువ్వు నీ బూట్లను చూస్తాండావు చూడు, నేను ఆ అటకను అట్లనే చూసేదాన్ని.

వైశాఖం వచ్చె. జమ్మలమడుగులో బస్సెక్కితిమి, నేనూ ఓబులమ్మా బిడ్డలూ. ఆ దావ సంగతి ఏం జెప్తాం, గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకుని బిగించేది. ముద్దనూరు దాటేతలికి కండక్టరు "ఏమ్మా, మీకిద్దరికీ కడుపునొప్పా?" అని అడిగె.

పసుపు దంచే పొద్దు రోటికి సున్నం పూసి, పసుపుకొమ్ములు పోసి, రోకలికి కంకణం కట్టినారు. వాకిలి నిండా ఆడోళ్లు. పట్టుచీరలో నాకు చెమటలు. ఎత్తితి. బిగిస్తి. ఏసి, "హుస్స్" అంటి.

వాకిలంతా నా పక్కకు తిరిగి చూసె. లక్షుమ్మ అంటే ఊపిరి చప్పుడు కూడా ఇనపడని దంపుడు గదా! మళ్లా ఏస్తి, ఇంకా గట్టిగా "హుస్స్" అంటి. ఒక ముసలామె "ఎవురమ్మా ఆ పాము?" అనె. అంతే, వాకిలంతా పగలబడి నగింది. వెనక ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతాండాది. నాకూ నగు ఆగలే. నిలబడి, రోకలి పట్టుకుని, కండ్లల్లో నీళ్లొచ్చేటట్ల నగితి. నీళ్లు కండ్లల్లో మాత్రమే వచ్చె.

మా యమ్మ మాత్రం నగలేదు. మా యమ్మ ఎప్పుడూ నగేది కాదు. బిడ్డలం ఏం జేసినా పెదవి బిగించుకుని అవతలికి పోయేది. గట్టి మనిషి, నగడం తెలీని మనిషి అని మేమంతా అనుకుంటిమి, భయపడేది కూడా. ఆపొద్దు "పెండ్లివారి ముందర ఏందా బుస, సిగ్గు లేకుండా" అని తిట్టె. అన్నాలయినాక పెరట్లో చేతులు కడుక్కుంటాంటే నా పక్కకొచ్చి చెంబుతో నీళ్లు పోస్తా, మొగం చూడకుండా, మెల్లగా అడిగింది. "ఆ బుస ఎందుకే?" అని.

చెప్తి. చెంబు అట్లనే పట్టుకుని ఇనింది. "మీ అన్న పుట్టినప్పట్నుంచి నాకు అంతే" అనింది. "నగితే తడుస్తాదని నగడం మానుకున్యా."

ముప్పై ఏండ్లమ్మీ. మా యమ్మకు నగడం రాక కాదు. మాకెవరికీ తెలీదు. ఆడనే, ఆ పెరట్లోనే, చేతులు తడిగా ఉండంగానే, నిలబెట్టి నేర్పిస్తి. శానా ఏండ్ల బాధ, ఒక పూటకు పోతాదా? పూర్తిగా పోలేదు. కానీ మూడు నెలలకు ఉత్తరం రాయించింది, ఆడ వదిలొచ్చిన మీ పెద్దనాయన వీపు మీద ఎక్కితే నగినానని.

అందుకే చెప్తాండా. పరిగెత్తు, నేనేం వద్దనలే. ముందు నీకు కాన్పు చేసిన డాక్టరమ్మ కాడికి పోయి, సిగ్గుపడకుండా అడిగి, రోంత రోంతగా మొదలుపెట్టు. తడిస్తే చెప్పు, బిడ్డ మీదికి తొయ్యాకు. నా తల్లీ, నూరేండ్లు ఉండు, కడుపు పట్టుకుని నగు, పొడిగా నగు.