రౌతు గుర్రానికి ఉలవలు

"తాతా, రౌతు అంటే ఎవరు? దేవుడా?" అని అడిగినవు గదా బిడ్డా. పోయినేడు ఎండకాలం మన ఊరంతా ఆ ఒక్క మాట మీదనే కిందమీదైంది.

బూర్గంపాడు దిక్కు కొత్త రోడ్డు పడుతుండె. ఊరి బయట గుర్రం మీద బల్లెం పట్టుకున్న మనిషి రాయి ఉన్నది చూడు, అదే రౌతు రాయి. రోడ్డు సక్కగ దాని మీదికే వచ్చింది. పొక్లెయిన్ గిట్ల వచ్చి నిలబడ్డది. ఇంజనీరు పిల్లగాడు, మంచోడే పాపం, "పెద్దాయనా, ఊరంతా ఒక్క మాట మీదుంటే రోడ్డు పక్కకు తిప్పుత. సగం ఊరు కాదంటే నా చేతుల లేదు" అన్నడు.

మనది సగం ఊరు చర్చికి పోయేటోళ్లు గదా. ఆ వాడకు మరియమ్మక్క మాటంటే మాట. మీ నాయినమ్మకు దోస్తు, నీకు ఎరుకే. పోయిన. వాకిట్ల చేపలు తోముతున్నది.

"ఏంది తమ్మీ, ముసలితనంల నన్ను రాయికి మొక్కమంటవా?" అన్నది. తల కూడ ఎత్తలే.

నేను మొండోణ్ణి గదా, ఆడనే కూసున్న. "అక్కా, దేవుడికి ఏం కొడతరు?"

"కొబ్బరికాయ."

"మరి ఏరువాకకు ముందు మన అవ్వలు ఆ రాయి కాడ ఏం పెట్టేటోళ్లు?"

"నానేసిన ఉలవలు."

"ఉలవలు దేవుడు తింటడా?"

ఆమె చెయ్యి ఆగింది. "గుర్రం తింటది" అన్నది.

"అవ్ మరి! అది దాణా అక్కా, పూజ కాదు."

మా చిన్నతనంల ఉలవలంటే పశువులకే. ఇప్పుడు ఉలవచారని హోటళ్ల తింటున్నరు, మనం కొనేటట్టు లేదు. సరే, ఏం చెప్తున్న... ఆఁ. రాత్రిబడి పంతులు నాకు చెప్పిన ముక్క ఆమెకు చెప్పిన. రాజపుత్రుడు అన్న మాటే జనం నోట్ల అరిగి రావుతు అయింది, రౌతు అయింది. మొదట్ల అది రాజుల కొడుకుల పేరు. తర్వాత ఎవని కొడుకైనా సరే, గుర్రమెక్కి కొట్లాడితే రౌతే. అంటే సిపాయి. ఊరి కోసం కొట్లాడి సచ్చినోడు. "ఆయనకు నీ వాడ, నా వాడ ఏంది అక్కా?" అన్న.

మరియమ్మక్క చేతులు కడుక్కొని లేచింది. "ఈ ముక్క ముందే చెప్పి ఏడ్వొద్దా!" అని నన్నే తిట్టింది.

తెల్లారి చూడాలె బిడ్డా! ఆమె ముందట, చర్చి వాడంతా ఆమె ఎనక, ఒక్కొక్కరి కొంగుల ఉలవలు! ఇటు మన వాడోళ్లు. గుర్రం కాళ్లు కనపడకుంట పోసినరు. పొక్లెయిన్ డ్రైవర్ బండి బంద్ చేసి కిందికి దిగిండు. ఇంజనీరు నవ్విండు. "తిప్పుత. కానీ ఎవల చేన్లకు తిప్పాలె?" అన్నడు.

పక్క చేను నాది. "తిప్పు" అన్న.

రౌతు ఉన్నకాడనే ఉన్నడు. ఈ ఏడు ఏరువాకకు రెండు వాడలు కలిసే దాణా పెట్టినయ్. నువ్వూ ఒక పిడికెడు పెట్టి రా, సల్లగుండు.

నా చేను అరెకరం, అండ్ల ఉన్న బాయి, రోడ్డు కిందికి పోయినయ్.