నవ్వే తలకాయ

హలో… ఆఁ, నేనే చిన్నబాపూ. భూమేష్‌ను. చెప్పు.

…డ్యూటీల్నే ఉన్న. పర్వాలేదు. ఎండలకు పొద్దెక్కంగనే పని ఆపుమంటరు, అందరం నీడకు వచ్చినం. తీరికనే. చెప్పు.

ఎవలు… గురవమ్మనా? మన ఎనుకింటి గురవమ్మ? నా గురించా… ఏమన్నదట?

…ఒంటె తలకాయా?

…ఆఁ… ముంగట పెట్టుకొని… పురుగులు సుత తిన్ననా? ఇంకేమన్నది… దుబాయ్ పోయినంక మనిషే మారిండని. సరే.

చిన్నబాపూ, ఒక్క మాట. ఇది దుబాయ్ కాదు, ఖతర్. అది ఒంటె కాదు, గొర్రె. పురుగులు తినలే. పురుగులు వాళ్ళ దేశంల తింటరట, ఇక్కడ దొరకవన్నడు హోటలాయన. ఇంతకు గామె ఎట్ల చూసింది?

…కోడలు ఫోన్ల. అర్థమైంది. మా తిరుమల్ గాడు ఫోటో స్టేటస్ పెట్టిండు. మెట్‌పల్లి పిలగాడు, నా రూముల్నే ఉంటడు. వాడు పెట్టిండు, గురవమ్మ కోడలు చూసింది, అత్తకు చూపెట్టింది, అత్త ఊరందరికి చూపెట్టింది. బాగున్నది.

అది కాదు, ఇప్పుడు గీ ముచ్చట ఎందుకు తీస్తున్నవ్? మీరు పిట్టకు పెట్ట పోయిన్రు గద. పెద్దవ్వ పోయి ఇయ్యాల మూడొద్దులు గద. అయిపోయిందా?

…

పిట్ట ముట్టుతలేదా?

ఎంతసేపాయె?

…పొద్దటిసంది. ఇస్తరాకు పెట్టి దూరం జరిగిన్రా లేదా? దగ్గర నిలబడితె ఎట్లొస్తది… జరిగిన్రు. పక్కన కల్లు పోసిన్రా… పోసిన్రు. పెద్దవ్వకు ఇష్టమైనయి మర్చిపోలే గద? సల్ల పోసి గట్క… ఆఁ. బచ్చలికూర… ఆఁ.

…తలకాయ కూర సుత పెట్టిన్రా.

…ఆఁ, ఉన్న, ఉన్న. లైన్‌ల్నే ఉన్న.

అంటె పిట్ట వచ్చింది గని దిగుతలేదు. తుమ్మ మీద కూసోని మిమ్ముల చూస్తున్నది. ఒక్కటేనా… ఒక్కటే. ఒక్కొక్కలు పోయి మొక్కిన్రా మరి? నువ్వు ఏమని మొక్కినవ్… బర్రెను అమ్మనని, ఇంటికి తాళం పెట్టనియ్యనని. మంచిగ చెప్పినవ్. అయినా దిగలే.

…ఓ. అందుకా నాకు ఫోన్ చేసినవ్. నేను తిన్నందుకు అలిగిందా పెద్దవ్వ?

చిన్నబాపూ, నీకు నిన్ననే చెప్పిన గద. తిన్నది శుక్రవారం సాయంత్రం. నాకు తెల్సింది శనివారం పొద్దుగాల. తెల్వక తిన్నదానికి తప్పేంది? తెలిస్తె, పీనుగు ఇంట్ల ఉండంగ, మంచినీళ్ళన్న ముట్టుదునా? గౌరవ్వ పెద్దవ్వకు పిల్లలు లేరు, మా అవ్వ పోయినంక నన్ను కడుపున పుట్టినోని లెక్క సాదింది — గది నువ్వు నాకు చెప్పాల్నా? కాష్టానికి తలగోరు నేను పెట్టేది ఉండె. అందలేదు. నువ్వు పెట్టినవ్.

…ఏం తిన్నవంటె ఏం చెప్పాలె. అందరు అడుగుతున్నరా? పిట్టకు పెట్టిన కాడ నా తిండి ముచ్చటేంది…

సరే, చెప్త ఇను. ఇక్కడ వరల్డ్ కప్పు దగ్గరికి వచ్చింది గద, ఎక్కడ చూసినా కొత్త హోటళ్ళు. ఒక్కొక్క దేశపోళ్ళది ఒక్కొక్కటి. మేం ముగ్గురం — నేను, తిరుమల్, క్రేన్ నడిపే గౌస్ భాయ్, నిజామాబాద్ ఆయన — నెలకు ఒక శుక్రవారం ఒక దేశం తిండి తినాలె అనుకున్నం. స్టేడియం కట్టినం, ఆట చూసుడు మనకు కాదు, కనీసం వాళ్ళ కూడన్న చూద్దాం అని. ఆడేటోళ్ళయి నాలుగైదు అయిపోయినయి. ఈసారి గౌస్ భాయ్ అన్నడు, ఆడనోళ్ళు ఏం పాపం చేసిన్రు, సౌత్ ఆఫ్రికాకు పోదాం అని. అల్ వక్రాల, సముద్రం పక్కపొంటి ఉన్నది హోటల్.

…ఫుట్‌బాల్, అవును. క్రికెట్ కాదు.

తిన్నమా… మొదలు మాంసం ఎండు తునకలు పెట్టిండు. మనం దండెం మీద ఎండేస్తం చూడు, గవే. కాకుంటె వాళ్ళు పుల్లగ చేస్తరు. తర్వాత నిప్పుకోడి. పేరుకే కోడి, ముక్క మాత్రం ఎర్రగ, లోపట సగం పచ్చి. గౌస్ భాయ్ హలాలేనా, హలాలేనా అని అడిగి అడిగి, వాళ్ళు సర్టిఫికెట్ తెచ్చి చూపెట్టినంకనే ముట్టిండు. తర్వాత బోటి. బోటితోని ఏం పెట్టిండో చెప్పుకో…

గట్క, చిన్నబాపూ. మక్క గట్క. తెల్లగ, ముద్ద ముద్ద. తిరుమల్ గాడు నెత్తి పట్టుకున్నడు. ఇంత దూరం వచ్చి, ఇస్త్రీ అంగి వేసుకొని, టాక్సీ కట్టుకొని గట్క తినవడితిమి అన్నడు.

…నవ్వుతున్నరా అక్కడ? నవ్వకున్రి. పెద్దవ్వ కాడ నవ్వుతరా.

ఆఁ, తలకాయ ఆఖరికి వచ్చింది. గొర్రెది. నడిమిట్లకు చీరి నిప్పుల మీద కాలుస్తరు. కాలంగ కాలంగ పెదవులు ఎనకకు గుంజుకపోయి పండ్లన్ని బయట పడ్తయి. మనల చూసి నవ్వినట్టే ఉంటది. వాళ్ళు దానికి నవ్వు అనే పేరు పెట్టుకున్నరు. పళ్ళెం పెట్టుకుంట వడ్డించేటాయన అన్నడు, దీన్ని చూసి మస్తుమంది లేచి పోతరు సార్, తినాలంటె గుండె ఉండాలె అని. మాకేం గుండె. పెద్దవ్వ చేతి తలకాయ కూర తిన్నోనికి… పండుగకు యాటను కోస్తె, ఇంట్ల ఎంతమంది ఉన్నా నాలుక నాకే వేసేది. ఎవ్వలన్న అడిగితె, వీనికి మాటలు సక్కగ రావద్దా అనేది…

…ఆఁ. ఉన్న. చెప్పు.

…ఏ మాట? ఇంకోసారి చెప్పు.

సునంద మీదనా? నా పెండ్లాం మీదనా?

…సునంద కావాలని ఫోన్ చెయ్యలేదనా. ఎవలంటున్నరు… అందరా? నువ్వు సుతనా, చిన్నబాపూ?

…అవును, ఇద్దరికి పడకపోయేది అప్పుడప్పుడు. ఒక పొయ్యి కాడ ఇద్దరు ఆడోళ్ళు ఉంటె పడకపోవుడు ఉండదా? గంతమాత్రాన… ఆఁ. చావు ముచ్చట తెల్లారేదాక మొగనికి దాచిపెట్టింది, అందుకే కొడుకు చేతి నిప్పు దక్కలేదు, అందుకే పిట్ట దిగుతలేదు. గట్లనా అనేది.

ఆమె ఏమంటున్నది?

…ఏమంటలేదు. ఊకనే నిలబడ్డది.

లెంపలేసుకోమన్నరా? ఇస్తరాకు ముంగట… గందరి ముంగటనా. తప్పయింది పెద్దత్తా అని…

…నాకేం తెల్సు, నన్ను అడుగుతవ్. ఆమె చేసిందో, చెయ్యలేదో… సిగ్నల్ దొరకలేదో ఏమో. నాకైతె రాలే. ఆమె ఫోన్ పాతది, ఒకటి చేస్తె ఒకటైతది…

చిన్నబాపూ, సునందకు ఇయ్యి ఒకసారి. జర పక్కకు పోయి మాట్లాడుమను. ఇయ్యి.

…

సునందా.

పక్కకు వచ్చినవా… ఇంకా జరుగు. మోటరు కాడికి పో.

తిన్నవా ఏమన్న? …అవును. పిట్ట ముట్టేదాక ఎవ్వలు తినరు. ఊకె అడిగిన.

ఎవ్వలకు చెప్పలే గద నువ్వు? …చెప్పలే. నాకు ఎర్కే నువ్వు చెప్పవని.

…తెల్సు. ఎట్ల చూస్తున్నరో తెల్సు. నిన్న నీ చేతి చాయ సుత ఎవ్వలు తాగలేదా? నాకు చెప్పకపోతివి… ఆఁ, చెప్తె నేనేం చేసేటోన్ని. నిజమే.

చూడు, నేను కాదంటలేను. నువ్వు శుక్రవారమే చేసినవ్. ఆమె ఊపిరి పోంగనే చేసినవ్. నేను ఎత్తిన. తర్వాత చేస్త అని పెట్టేసిన. హోటల్ తలుపు కాడ నిలబడి ఉన్న, వాళ్ళిద్దరు అప్పటికే లోపటికి పోయి పిలుస్తున్నరు… ఆ, అన్ని నిజమే. గని ఇప్పుడు ఆ మాట బయట పెడితె ఏమైతది, ఆలోచించు. రాత్రి విమానం ఉండంగ ఎక్కలేదంటరు. పీనుగు ఇంట్ల ఉండంగ తలకాయలు తిన్నడంటరు. నేను మల్ల ఊర్లకు రావద్దా? మొకం చూపెట్టుకోవద్దా?

…సెలవా. వరల్డ్ కప్పు అయ్యేదాక సెలవులు బంద్ అన్నరు గద. అందరికి బంద్…

…లేదు. చావులకు ఇస్తున్నరు. పోయిన నెల నేపాల్ ఆయనకు ఇచ్చిన్రు.

అడగలే. అడగనే లేదు సునందా. ఆ మాట పదేపదే ఎందుకు అడుగుతవ్.

…నీ మొకం ఏంది, నా మొకం ఏంది, ఇద్దరిది ఒక్కటే గద. నువ్వు ఒక్కసారి లెంపలేసుకో. ఒక్క క్షణం. పిట్ట దిగుతది, అందరు ఇండ్లకు పోతరు, వారం దినాలకు మర్చిపోతరు. నీకేం పోతది…

అట్ల కాదు. అట్ల అంటలేను. ఇను. ఆమెకు తానం పోసింది నువ్వు. మంచం మీద ఉన్నన్ని దినాలు ఎత్తిపోసింది నువ్వు. నోట్ల గట్క పెట్టింది నువ్వు. గురవమ్మ వచ్చి చేసిందా? నాకు తెల్సు. పెద్దవ్వకు తెల్సు. ఇంక ఊరికి తెలిస్తె ఏంది, తెల్వకుంటె ఏంది…

…

ఏడుస్తున్నవా?

…ఏడుస్తలేవు. మరి మాట్లాడు.

…ఏసుకుంటవా? నిజంగనా? మంచిది. మంచిది సునందా, నేను వచ్చినప్పుడు నీకు…

ఆఁ… ఏంది, గని?

…నేనా?

పెద్దవ్వకా… ఇస్తరాకు కాడ ఫోన్ పెడ్తవా? నేను నా నోటితోని, సునంద నాకు ఫోన్ చెయ్యలేదు పెద్దవ్వా, అని చెప్పాలె. చెప్పంగనే నువ్వు ఏసుకుంటవ్. గంతేనా.

…గంతే అంటవ్.

అది ఎందుకు సునందా, ఫోన్ల మొక్కుడు ఎక్కడన్న ఉన్నదా. నువ్వే నా తరఫున… హలో. నడుస్తున్నవా? ఆగు. జర ఆగు. స్పీకర్ పెట్టకు. సునందా, ఇను, ఫోన్ చిన్నబాపుకు ఇయ్యి, నేను మాట్లాడుత… సునందా —

…

హలో.

…ఆఁ, చిన్నబాపూ. ఇనవడ్తున్నది. అందరు ఉన్నరు. ఆఁ.

పెట్టినవా ఇస్తరాకు కాడ? …అవును, గాలి ఇనవడ్తున్నది.

చెప్త. చెప్త అంటున్న గద.

పెద్దవ్వా.

…నేను. భూమేష్‌ను.

పెద్దవ్వా, నీ తలగోరుకు రాలే నేను. తప్పయింది. దూరమున్న. శుక్రవారం నాడు… శుక్రవారం సునంద నాకు…

— ఏక్ మినిట్ గౌస్ భాయ్. ఘర్ కా ఫోన్ హై. ఏక్ మినిట్.

సునంద నాకు ఫోన్…

…

ఆ గాజుల చప్పుడేంది?

చిన్నబాపూ, ఆమె చెయ్యి లేపిందా? దించుమను. ఇంకా నేను చెప్పలే. దించుమను ముందుగాల. నువ్వు పట్టుకో చెయ్యి.

…

చేసింది. ఫోన్ చేసింది. శుక్రవారమే చేసింది. నేనే ఎత్తిన. పెద్దవ్వ పోయిందని చెప్పింది, సక్కగ ఇనవడ్డది. సిగ్నల్ మంచిగనే ఉండె. తర్వాత చేస్త అని జేబుల పెట్టుకున్న. లోపటికి పోయిన. వాళ్ళిద్దరికి సుత చెప్పలే. వాళ్ళకు ఇప్పటిదాక తెల్వదు. రాత్రికి విమానం ఉండె. సెలవు అడిగితె ఇస్తుండిరి, నేను అడగలే. శనివారం పొద్దుగాల నీకు ఫోన్ చేసి అబద్ధం చెప్పిన.

…ఆఁ, తిన్నది ఆ తర్వాతనే. తెల్సినంకనే.

…లేదు, ఎవ్వలు బలవంతం చెయ్యలే.

…లేదు. తాగలే. ఇక్కడ గట్ల దొరకదు.

…

ఏంది?

…ఎందుకు తిన్నననా?

…

తినబుద్ధయింది, చిన్నబాపూ.