మూడింటిలోపు చూడవలసినవి

ఆసుపత్రి గేటు బయట, పొద్దున పదిన్నరకు.

"మూడింటికి రమ్మన్నాడు వదినా. డాక్టరు వస్తేగానీ మార్చురీ తలుపు తియ్యరట."

"నేనూ విన్నాను. నా చెవులు బానే ఉన్నాయి."

"అయితే ఇక్కడే కూర్చుందాం. అదిగో, నీడన బల్ల ఉంది."

"నాలుగున్నర గంటలు ఆ బల్ల మీదా? పోయినసారీ కూర్చున్నాం, అంతకుముందూ కూర్చున్నాం. ఇంకోసారి కూర్చుంటే దానిమీద నా పేరు రాస్తారు. పద, ఊరు చూద్దాం."

"ఏం చూద్దాం?"

"ఊరు. అదిగో, కప్పు లేని ఎర్ర బస్సు. అందరూ ఎక్కుతున్నారుగా."

"అది టూరిస్టు బస్సు."

"మరి మనమేంటి? రాజధానికి రావడం ఇది నాలుగోసారి. పోలీసు స్టేషనూ, మార్చురీ, తిరుగు రైలు. రాజధానిలో ఏం చూశావని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? ముక్కూ మొహం తెలియని ముగ్గురు మగాళ్లని చూసొచ్చానని చెప్పనా?"

"మెల్లగా, వదినా. వింటున్నారు."

"విననీ. నువ్వొస్తే ఊరంతా తిప్పి చూపిస్తానని ఫోన్లో ఊరించేవాడు మీ అన్నయ్య. చూపించకుండానే మాయమైపోయాడు. నేనే చూసుకుంటా. నువ్వొస్తావా, బల్ల మీద కూర్చుంటావా?"

బస్సు మీద.

"గైడు ఏమంటున్నాడు? గాలికి ఒక్క ముక్కా వినపడి చావట్లేదు."

"పాత దర్బారు హాలట. నూట పన్నెండు స్తంభాలట."

"మీ అన్నయ్య నూట పది అన్నాడు."

"లెక్కపెట్టాడా ఏంటి?"

"పెట్టే ఉంటాడు. మా పెళ్లిచూపుల్లో కూడా పైకి చూసి దూలాలు లెక్కపెట్టిన మనిషి. నన్ను చూడలేదు."

"అమ్మ ఫోను చేసింది వదినా. రెండుసార్లు. ఎత్తలేదు."

"మంచి పని చేశావ్."

"ఎన్నిసార్లని ఎత్తకుండా ఉంటాను? ఏం చెప్పాలి, స్తంభాలు చూస్తున్నామని చెప్పాలా?"

"చెప్పు. నీకు రెండు నిమిషాల ఫోను. రేపెళ్లి ఆవిడ పక్కన పడుకోవాల్సింది నేను. మూడేళ్ల నుంచీ తలుపు గడియ వెయ్యనివ్వదు. గాలికి తలుపు కొట్టుకుంటే చాలు, 'వచ్చావా నాన్నా' అని లేచి కూర్చుంటుంది. నేను వెళ్లి చూసొచ్చి, 'గాలి అత్తయ్యా' అని చెప్పాలి. ఎనభై ఏళ్ల మనిషికి రోజూ ఆ మాట చెప్పాలి నేను."

"ఈసారైతే పొడుగూ వయసూ అన్నీ సరిపోయాయన్నారు."

"అన్నిసార్లూ సరిపోతాయి. ఈ ఊళ్లో అందరూ మీ అన్నయ్యంత పొడుగే ఉన్నట్టున్నారు."

"ఆయన కాకూడదని నువ్వు కోరుకోవట్లేదా?"

"అటు చూడు, ఏదో గోపురం."

"వదినా, అడుగుతున్నాను."

"గోపురం చూడమన్నానా."

"ఆంటీ, కొంచెం మాకు ఫొటో తీస్తారా? ఇక్కడ నొక్కితే చాలు. ఆ... థాంక్సండీ. మీ ఇద్దరికీ తియ్యనా?"

"తియ్యమ్మా. వెనకాల ఆ గడియారం స్తంభం పడాలి."

"వదినా, అలా నవ్వకు. నాకు భయమేస్తోంది."

"ఫొటోకి నవ్వక ఏడుస్తారా?"

"బాగా వచ్చింది ఆంటీ. మేం వారం ఉంటున్నాం. మీరెన్నాళ్లుంటారు?"

"మూడింటిదాకా."

మ్యూజియం లోపల.

"అద్దాలు తుడిచే పని ఇక్కడే అన్నాడు మీ అన్నయ్య. రోజుకి నలభై అద్దాలు."

"అంటే ఇందుకేనా బస్సెక్కావ్?"

"కాదు. అవును. ఏమో."

"మూడుసార్లు వచ్చాంగా, ఎప్పుడూ ఇటు రాలేదేం?"

"ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పని చెయ్యట్లేదని పోలీసులు చెప్పారుగా. అది నిజమైతే, రోజూ ఫోన్లో నాకు చెప్పినవన్నీ ఏంటి? ఆ సంగతి తెలుసుకోడానికి కాళ్లు రాలేదు."

"ఇవాళెలా వచ్చాయి?"

"ఇవాళ బల్ల మీద కూర్చోలేకపోయాను. అంతే."

"అమ్మా, ఆ తాడు దాటి రాకండి. పడవని ముట్టుకోకూడదు."

"ముట్టుకోనయ్యా. మీరు ఇక్కడ గార్డా? ఎన్నాళ్ల నుంచీ?"

"పదకొండేళ్లు."

"ఈ ఫొటో ఒకసారి చూస్తారా?"

"ఏదీ, కళ్లజోడు పెట్టుకోనివ్వండి... అరె, ఈయన మా పడవాయన."

"ఏ ఆయన?"

"పేరు తెలీదమ్మా, మేమంతా అలాగే పిలిచేవాళ్లం. పొద్దున గేటు తియ్యగానే వచ్చి ఈ పడవ ముందు బెంచీ మీద కూర్చునేవాడు. సాయంత్రం మూసేదాకా."

"కూర్చోడమేంటి? ఆయన ఇక్కడ పనిచేసేవాడు."

"చేశాడు, రెండు నెలలు. కాంట్రాక్టు కింద తీసుకున్నారు. తర్వాత తుడిచే మిషన్లు వచ్చాయి, వాళ్లందర్నీ ఒక్కపూటలో మాన్పించేశారు. మిగతావాళ్లు పోయారు. ఈయన మాత్రం మర్నాడు మళ్లీ వచ్చాడు. టికెట్టు అడగబుద్ధి కాలేదు నాకు, పోనీలే అని వదిలేసేవాణ్ణి."

"ఎన్నాళ్లు వచ్చాడండీ అలా? నేను ఆయన చెల్లెల్ని."

"ఏడెనిమిది నెలలు వచ్చుంటాడమ్మా."

"మధ్యాహ్నం ఫోను చేసేవాడా?"

"ఆ, పన్నెండున్నరకి. ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదని రోజూ కసిరేవాణ్ణి. 'ఇవాళ పడమటి హాలు అద్దాలన్నీ అయిపోయాయి, చెయ్యి లాగేస్తోంది' అని చెప్పేవాడు. వింటూ నవ్వుకునేవాణ్ణి. ఎవరితోనో మాట్లాడేది?"

"నాతో."

"అయ్యో."

"తర్వాతేమైంది?"

"ఏముంది, ఒకరోజు గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని సంచీతో వచ్చాడు. 'ఇంటికెళ్లిపోతున్నా, ఇంక చాలు' అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మూడేళ్లయ్యుంటుంది. ఎలా ఉన్నాడమ్మా ఇప్పుడు?"

"బానే ఉన్నాడు."

"అడిగానని చెప్పండి. పడవ దగ్గరి గార్డంటే గుర్తుపడతాడు."

"చెప్తాను."

మ్యూజియం మెట్ల మీద.

"ఎందుకలా చెప్పావ్?"

"పాపం, ఆయనకెందుకు? పదకొండేళ్లుగా పడవకి కాపలా కాస్తూ ప్రశాంతంగా ఉన్నాడు."

"అన్నయ్య ఇంటికే బయల్దేరాడు వదినా. అంటే దారిలో ఎక్కడో..."

"ఏ దారి? పద్నాలుగు గంటల ప్రయాణం, రెండు రైళ్లు మారాలి. ఎక్కడ దిగాడో. అసలు ఎక్కాడో లేదో. ఇల్లంటే మన ఇల్లేనో, ఇంకో ఇల్లో."

"ఛ, అదేం మాట?"

"ఈ మూడేళ్లలో అన్నీ అనుకున్నాను, అదొక్కటీ ఎందుకు మిగలాలి? రోజూ చెయ్యి లాగుతోందనేవాడు. నేను ఇంటి దగ్గర్నుంచి ఆముదం రాసుకో, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకో అని చెప్పేదాన్ని. ఊఁ ఊఁ అని వినేవాడు. బెంచీ మీద కూర్చుని వినేవాడన్నమాట."

"సిగ్గుపడి ఉంటాడు."

"నా దగ్గరా? పని పోయిందంటే నేనేమనేదాన్ని? వచ్చెయ్ అనేదాన్ని. అంతకంటే నా దగ్గర ఇంకో మాట లేదు. ఆ ఒక్క మాటా అననివ్వలేదు."

"రైల్వేవాళ్లని అడుగుదాం. ఇప్పుడు ఇంటికి బయల్దేరాడని తెలిసిందిగా. మళ్లీ మొదట్నుంచీ వెతుకుదాం."

"నువ్వు వెతుకు. నువ్వు చెల్లెలివి, ఎన్నేళ్లయినా చెల్లెలివే. నేనేమిటో చెప్పు. ఏ కాగితం నింపాలన్నా భర్త అని ఉన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఉన్నాడని రాయాలా, లేడని రాయాలా? టైమెంత?"

"రెండుంబావు."

"పద."

మార్చురీలో.

"ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోండమ్మా. నాలుగు రోజుల కింద వంతెన కింద దొరికాడు. జేబులో ఒక్క కాగితం లేదు. మెల్లగా చూసి చెప్పండి, తొందరేం లేదు."

"ఇతని కోసం ఇంకెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదమ్మా. ఇలాంటివాళ్ల కోసం ఎవరూ రారు. ఎల్లుండి దాకా చూసి మేమే పూడ్చేస్తాం."

"వదినా."

"ఊఁ."

"అన్నయ్య కాదు. ఆ నుదురు చూడు, చెవులు చూడు. అన్నయ్య కాదు వదినా."

"కాదు."

"హమ్మయ్య. నా గుండె ఆగిపోయిందనుకో. పద, బయటికెళ్లి అమ్మకి ఫోను చేసి చెప్పేద్దాం."

"ఏం చెప్తావ్?"

"కాదని చెప్తా. ఇంకేం చెప్తాను?"

"చెప్తే?"

"చెప్తే... ఎప్పట్లాగే. ఎదురు చూస్తుంది."

"ఎన్నాళ్లు?"

"అదేంటి వదినా, అలా అడుగుతావ్? చెయ్యి వదులు, నొప్పి పెడుతోంది."

"మీలో మీరు గుసగుసలాడుకోకండమ్మా, నేను రిజిస్టర్లో రాసుకోవాలి. మీవాడేనా, కాదా?"

"కా..."

"నువ్వుండు. మా ఆయనే. సంతకం ఎక్కడ పెట్టాలి?"