కొట్టేసిన రెండో బిడ్డలు

ఆరోగ్య కేంద్రంలో టీకాల గది. వేసవి సెలవుల్లో పరిశోధనకు వచ్చిన మేనకోడలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగున వచ్చేసరికి నర్సు చేతిలో పని వదిలేసి లేచింది. టీకా వేశాక నలుగురు పసివాళ్లు లెక్కలోంచి మాయమయ్యారని నిన్న సాయంత్రం చెప్పింది ఈ పిల్లే.

"చెప్పవే. బతికున్నారా?"

"ఉన్నారత్తా! ఇళ్లకు వెళ్లి చూసొచ్చాను. నలుగురూ నిక్షేపంలా ఉన్నారు."

నర్సు కుర్చీలో కూలబడింది. "కంటిమీద కునుకు లేదే నాకు. నా సూదే వాళ్లను మింగిందనుకున్నా. మరి లెక్కలోంచి ఎటు పోయారు?"

"నాకిచ్చిన టీకా తర్వాతి జాబితాలో ఇంటి నంబర్లే తప్ప పేర్లుండవు కదా. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే పుట్టినరోజు కనపడితే, ఒకే బిడ్డను రెండుసార్లు ఎక్కించారనుకుని... నేనే ఒకదాన్ని కొట్టేశాను."

"కవలల్నా!"

"ఊఁ."

"తల్లి మోసి కంటే, నువ్వు ఒక్క వేలితో తీసిపారేశావా? మనుషుల మొహం చూడకుండా అంకెలు దులిపితే ఇంతే!" తిడుతూనే నవ్వింది నర్సు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అయినా నీకెలా తట్టలేదే? నువ్వూ కవలవేగా!"

"అందుకే బతిమాలుతున్నానత్తా. నేను కొట్టేసిందంతా రెండో బిడ్డల్నే. చెల్లికి మాత్రం చెప్పకు."